రోగిసేవ కాయకమగునా?

గత సంవత్సరము శ్రావణమాసమున మా యింట ఒక పెండ్లిసంబంధమును గూర్చి మాటలు జరిగినవి. పిల్ల నా పినతండ్రి కుమారుని కూతురు. సర్కారు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా నాలుగేండ్ల నుండి పనిచేయుచున్నది. వచ్చినవారు మన సమాజమువారే. నుదుట త్రిపుండ్రము గలవారు, ఇంటి గోడకు బసవేశ్వరుని పటము గలవారు. ఫలహారములైన పిమ్మట వరుని తల్లి మెల్లగా అసలు మాట బయటపెట్టినది. "పిల్ల చక్కగా ఉంది, చదువుంది, గుణముంది. ఆ నర్సు పని మాత్రం మానిపించండి. రాత్రిళ్లు ఇల్లు విడిచి ఉండడమొకటి, ఊరివాళ్లందరి మలమూత్రాలు ముట్టుకోవడమొకటి. రేపు మా యింట్లో లింగపూజకు నీళ్లు తెచ్చే చేతులు కదా!"

నేనచ్చటనే కూర్చుండియుంటిని. ఇరువది యైదేండ్లుగా బసవజయంతి సభలయందు కాయకమును గూర్చి ఉపన్యసించుచున్న నోరు ఆనాడు పెగలలేదు. సంబంధము చెడిపోవునేమో యను శంక యొకటి, పెద్దవారితో వాదమేల యను పిరికితనము మరొకటి. తల పంకించి యూరకుంటిని. వారు వెడలిన పిమ్మట పిల్ల లోపలి గదినుండి వచ్చి నా యెదుట నిలిచి, "పెద్దనాయనా, బడిలో పిల్లలకు, మఠంలో పెద్దలకు కాయకంలోనే కైలాసముందని చెప్తుంటావు గదా! నా పని ఆ లెక్కలోకి వస్తుందా, రాదా? అది చెప్పు చాలు" అని యడిగినది. కోపమున నడిగిన ప్రశ్న కాదది. నిజముగా తెలిసికొనగోరియే యడిగినది. నాకు వెంటనే సమాధానము తోచలేదు. "వస్తుందమ్మా" అని యనుట సులభమే. కాని అర్ధగంట క్రితము నోరెత్తనివాడు ఆ మాట యన్నచో దాని విలువ యెంత? అందువలన పండితులకు గాక మన గృహస్థులకు ఈ ప్రశ్నను నివేదించుచు, నాకు తోచినది వ్రాయుచున్నాను.

కాయకమను మాట 'కాయ' శబ్దము నుండి పుట్టినది. కాయమనగా శరీరము. శరీరమును వంచి, చెమటోడ్చి, ఎవరికిని హాని లేకుండ చేయు పని కాయకము. ఆ పనివలన వచ్చిన దానిలో తన కుటుంబమునకు చాలినంత యుంచుకొని తక్కినది జంగమునకు, సమాజమునకు సమర్పించుట దాసోహము. ఈ రెండును కలిసిననే శరణధర్మము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు అల్లమప్రభువు అధ్యక్షుడుగా నడచిన అనుభవమంటపమున కూర్చుండినవారెవరు? మడివాళ మాచయ్య బట్టలుతుకువాడు. హరళయ్య చెప్పులు కుట్టువాడు. నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్లు పేనువాడు. సత్యక్క శరణుల వాకిళ్లూడ్చునది. వీరి కాయకములలో ఏ యొక్కటియు లోకము దృష్టిలో 'శుభ్రమైన' పని కాదు. మురికిగుడ్డ, చచ్చిన పశువు తోలు, వాకిటి చెత్త – వీనిని చేత పట్టిన వారిని బసవన్న తన సరసన కూర్చుండబెట్టెను. రాజుగారి భండారమునకు అధికారియైనవాడు ఆ పని చేసెనని మరువరాదు.

ఇక వైద్యమునకు వత్తము. ఆ శరణులలోనే వైద్య సంగణ్ణ యనువాడు కలడు. రోగమునకు మందిచ్చుటయే ఆయన కాయకము. ఆయన వచనములు కొన్ని నేటికిని లభించుచున్నవి. వానియందు వ్యాధి, ఔషధము, పథ్యము మొదలగు వైద్యుల మాటలతోనే పరమార్థము చెప్పబడినది. తాను దినమెల్ల చూచు రోగములోనే ఆయనకు తత్త్వము కనబడినదని దీనివలన తెలియుచున్నది. అందుచేత రోగిసేవ కాయకమగునా యను ప్రశ్నకు ఎనిమిది వందల యేండ్ల క్రిందటనే సమాధానము లభించినది. అయినను ఆ సమాధానము మన యింటి చావడివరకు రాలేదు. ఏల?

నాకు తోచిన కారణము మైల. మనము నోట లేదనుచు మనసున దాచుకొన్న మైల.

మన ఆచారమున పంచసూతకములు లేవు. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి – ఈ యైదింటి వలన లింగాంగికి అశౌచము కలుగదని మన పూర్వులు నిర్ణయించిరి. తక్కిన సమాజమంతయు పురిటింటికి పదిదినములు దూరముగా నిలిచిన కాలమున మనవారు పుట్టిన బిడ్డ మెడలో లింగధారణ చేయించిరి. తక్కినవారు శవమును ముట్టి తలస్నానమునకు పరుగెత్తిన కాలమున మనవారు ఆ శరీరమునకు స్నానము చేయించి, విభూతి పూసి, కూర్చుండబెట్టి, పూజించి సమాధి చేసిరి. ప్రసవగది, శవాగారము, రక్తము, చీము, ఎంగిలి గిన్నె – ఆస్పత్రి యనగా ఈ యైదు సూతకములును ఒక కప్పు క్రింద చేరిన చోటు గదా! ఆ చోటికి జంకులేక అడుగుపెట్టుటకు తగిన ధర్మము ఈ దేశమున ఏదైన కలదన్నచో అది మనదే. అట్టి ధర్మమున పుట్టినవారు నర్సు చేతినీళ్లు లింగపూజకు పనికిరావని శంకించుట కంటె వింత యేమి కలదు? ఒక రోగిని ముట్టి మరియొక రోగిని ముట్టుటకు ముందు ఆమె సబ్బుతో చేతులు కడుగును. దినమునకు ఎన్నిసార్లో లెక్కలేదు. మనలో యెవరు అన్నిసార్లు కడుగుదుము?

ఈ చేతులు కడుగుట చిన్న సంగతి కాదు. 1847లో వియన్నా నగరపు ప్రసూతి ఆస్పత్రిలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, శవపరీక్ష చేసి వచ్చిన వైద్యులు చేతులు శుద్ధి చేసికొననందుననే బాలింతలు జ్వరముతో చనిపోవుచున్నారని గ్రహించి, సున్నపు క్లోరిన్ ద్రవముతో చేతులు కడుగుట నియమముగా చేసెను. మరణములు మిక్కిలి తగ్గినవి. అయినను నాటి పెద్ద వైద్యులలో పలువురు ఆయన మాటను చెవిని బెట్టలేదు. తమ చేతులే మృత్యువును మోయుచున్నవని యొప్పుకొనుటకు వారి పెద్దరికము అడ్డువచ్చినది. నిజమైన శౌచమునకును పెద్దరికపు శౌచమునకును గల భేదము ఇందు తేటపడుచున్నది. సదాచారమనగా నేమని మా పాఠశాలలో పిల్లలడిగినప్పుడు నేనీ కథనే చెప్పుచుందును.

పెండ్లి మాట వచ్చినది గనుక ఇంకొకటి చెప్పవలెను. కల్యాణమున విప్లవము దేనివలన చెలరేగినది? మధువరసు తన కుమార్తెను హరళయ్య కుమారునికిచ్చి వివాహము చేయుట వలన. వరుని తండ్రి యే పని చేయునో చూడక, వధువు తండ్రి యే కులమున పుట్టెనో యెంచక చేసిన పెండ్లి యది. అందుకు ఆ యిద్దరు తండ్రులును ప్రాణములర్పించిరి. వారి పేర్లు తలచి మనము ఏటేట సభలు చేయుదుము. నేటి పెండ్లిచూపులలో మాత్రము పిల్ల చేయు పనికి వెల కట్టుదుము. డాక్టరైనచో కట్నము మాట మారును, నర్సైనచో ముఖము మారును. ఆ యిరువురును ఒకే రోగి మంచమునకు చెరియొక వైపున నిలిచినవారే కదా!

తెలుగునాట రోగిసేవకును మఠములకును గల సంబంధము క్రొత్తది కాదు. గుంటూరు మండలమందలి మల్కాపురము శాసనము 1261 నాటిది. గోళకీ మఠాచార్యుడగు విశ్వేశ్వర శంభువునకు కాకతి రుద్రమదేవి ఇచ్చిన మందడ గ్రామదానమును అది తెలుపుచున్నది. ఆ యాదాయముతో మఠము, సత్రము నడచుటయే గాక ప్రసూతిశాల, ఆరోగ్యశాల కూడ నడచినవి. వారు వీరశైవులు కారు, శుద్ధశైవ శాఖవారు. ఆ భేదమును నేను మరుగుపరచను. అయినను శివుని పేర నిలిచిన మఠము పురుటాలికి మంచము వేసినదను మాట మనకును గర్వకారణమే. ఇటీవలి కాలమున కన్నడదేశమందు మనవారు చేసిన పని యింకను గొప్పది. 1916లో బెళగావియందు ఉపాధ్యాయులు ముందునిలిచి స్థాపించిన కె.ఎల్.ఇ. సంస్థ 1963లో వైద్య కళాశాలను తెరచినది. సుత్తూరు మఠమువారి జె.ఎస్.ఎస్. వైద్య కళాశాల మైసూరున 1984లో వెలసినది. ఉపాధ్యాయులు అను మాట వ్రాయునప్పుడు నా కలము కొంచెము నిగిడినది, క్షమింపుడు.

వైద్య కళాశాలలు కట్టినాము, సరే. ఇప్పుడు మా పిల్ల మాట వినుడు. ఆ రాత్రి ఆమె చాలసేపు చెప్పినది. నేను మధ్య మధ్య ప్రశ్నలడిగితిని.

ఆమె వార్డున నలువది మంచములు. రాత్రి డ్యూటీకి ఇద్దరు నర్సులు, ఒక ఆయా. సాధారణ ఆస్పత్రిలో ఐదుగురు రోగులకొక నర్సు, బోధనాస్పత్రిలో ముగ్గురికొక నర్సు ఉండవలెనని భారత నర్సింగు మండలి ప్రమాణము. నలువదిని రెండుచే భాగించుటకు లెక్కల మాస్టారు అక్కరలేదు. మంచములు చాలక నేలమీద చాపలపై పరుండువారు ఆ లెక్కలోకి రారు. ఒక మూల పక్షవాతము వచ్చిన ముసలివాడు ఉండెనట. వెంట ఎవరును లేరు. చేర్పించినవారు మరల రాలేదు. అట్టివానిని రెండేసి గంటల కొకసారి పక్కకు మరల్చవలెను, లేనిచో వీపున పుండ్లు పడును. ఒకనాడు తెల్లవారుజామున మూడు గంటలకు అతడు పక్కపైననే విరేచనము చేసికొనెను. ఆయా వరుసగా రెండవ డ్యూటీ చేయుచు గోడకు చేరగిలి నిద్రపోయినది. దానిని లేపుటకు మా పిల్లకు మనసొప్పలేదు. తానే నీళ్లు కాచి తెచ్చి, తుడిచి, దుప్పటి మార్చినది. ముసలివానికి మాట పడిపోయినది. చెంపల మీదుగా కన్నీరు కారుచుండెనట.

నేను సహజముగనే అడిగితిని: "అప్పుడు నీకేమనిపించిందమ్మా? ఆయనలో శివుడు కనిపించినాడా?"

ఆమె నా ముఖము చూచి నవ్వినది. "లేదు పెద్దనాయనా! అప్పుడు నాకు దేవుడూ గుర్తు రాలేదు, బసవన్నా గుర్తు రాలేదు. పన్నెండో మంచం దగ్గర సెలైను అయిపోతుంటుందని గుర్తొచ్చింది. పరుగెత్తినా."

నేను మొదట నిరాశపడితిని. వ్యాసమునకు పనికివచ్చు సమాధానము కాదది! కాని పడుకొన్న పిమ్మట ఆ మాటయే నన్ను వదలలేదు. అయిదక్కి మారయ్య కథ జ్ఞప్తికి వచ్చినది. ఆయన బసవన్న వాకిట రాలిన బియ్యపు గింజలేరి తెచ్చి, దానితో భార్య లక్కమ్మ వండగా జంగమదాసోహము చేయువాడు. కాయకమున మునిగినవాడు గురువు దర్శనమునైనను, లింగపూజనైనను ఆ సమయమున మరచిపోవుట తప్పు కాదని ఆయన అభిప్రాయము. ఏలయన పూజకు ఫలమేదియో అది ఆ పనియందే యున్నది. నులియ చందయ్యను గూర్చి చెప్పు కథ యింకను సాహసమైనది. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీటిలో పడినను ఆయన దానికొరకు ఆగక గడ్డిమోపు నెత్తుకొని సాగిపోయెనట. పిదప లింగమే ఆయన వెంట రావలసి వచ్చినది. ఈ కథను బాల్యమున విన్నప్పుడు నాకు చందయ్య అపరాధి వలె తోచెను. ఇప్పుడట్లు తోచుట లేదు. ముసలివానిని తుడుచునప్పుడు శివుని తలచుచు నిలిచియుండినచో పండ్రెండవ మంచము వాని సెలైను అయిపోయి యుండును. ఆమె శివుని మరచినందుననే కాయకము నిండుగా జరిగినది. 'ఇతడు శివుడు' అని మనసున ననుకొనుట కంటె, పక్కను రెండు గంటలకు మరల్చుట మరువకుండుట పెద్ద పూజ.

నేనడిగిన ప్రశ్నలోనే లోపమున్నదని అప్పుడు తెలిసినది. పనికి అర్థము పనికి వెలుపల నెచ్చటనో ఉండునని, దానిని తెచ్చి పనిపై పూలవలె చల్లవలెనని మనము తలంతుము. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన బెజ్జమహాదేవి కథ అందరెరిగినదే. శివునికి తల్లి లేదని జాలిపడి, తానే తల్లియై, ఆయనను బిడ్డగా నలుగుపెట్టి, నీళ్లుపోసి, పాలు పట్టి పెంచినది. శివుడు జబ్బుపడినట్లు నటింపగా తల్లడిల్లిపోయినది. ఆమెకు శివుడు జగత్పతియని తెలియదా? తెలియును. కాని నీళ్లుపోయునప్పుడు ఆ యెరుక పక్కకు తొలగినది, బిడ్డ ఒంటి చలి మాత్రమే మిగిలినది. ఆ స్థితికే సోమనాథుడు అంత పెద్దపీట వేసెను.

ఇట్లనుచున్నప్పుడు ఒక ప్రమాదము కలదు. దానిని చెప్పకపోయినచో నేను మరియొకసారి నోరుమూసికొన్నవాడనగుదును. 'మీది పవిత్రమైన సేవ' యని పొగడుచు కూలి తగ్గించుట ఈ కాలపు గొప్ప తంత్రము. పొగడ్తకు ఖర్చు లేదు కదా! 2020 మార్చి 22వ తేదీ సాయంకాలము దేశమంతయు వాకిళ్లయందు నిలిచి వైద్యసిబ్బందికొరకు చప్పట్లు కొట్టినది, కంచములు మ్రోగించినది. నేనును మ్రోగించితిని. ఆ వారములోననే అద్దె యిండ్లలోనున్న డాక్టరులను, నర్సులను కరోనా అంటించెదరను భయముతో గదులు ఖాళీ చేయుమని యజమానులు వెళ్లగొట్టినందున, అది కూడదని కేంద్రప్రభుత్వము ఉత్తరువులీయవలసి వచ్చినది. ఆ సంవత్సరమే ఫ్లారెన్సు నైటింగేలు పుట్టిన రెండు వందల యేండ్లకు గుర్తుగా ప్రపంచ ఆరోగ్యసంస్థ నర్సుల సంవత్సరముగా ప్రకటించిన సంవత్సరము! 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య పథకమున ఏర్పడిన ఆశా కార్యకర్తలకు 2022 మే నెలలో అదే సంస్థ గొప్ప పురస్కార మిచ్చినది. వారికి ఇచ్చుదానిని జీతమనరు, గౌరవ వేతనమనియు ప్రోత్సాహకమనియు అందురు. గర్భిణిని అర్ధరాత్రి ఆటోలో ఎక్కించి ఆస్పత్రికి తెచ్చు మనిషి ఉద్యోగి కాదట, స్వచ్ఛంద సేవకురాలట. గౌరవమను మాట ముందు చేరగానే వేతనము చిక్కిపోవుట యేమి వ్యాకరణమో తెలుగు పండితుడనైన నాకు బోధపడుట లేదు.

శరణులు కూలి విషయమున మిక్కిలి ఖచ్చితముగా నుండిరి. మారయ్య ఒకనాడు అలవాటునకు మించి బియ్యము తెచ్చినప్పుడు లక్కమ్మ సహింపలేదు, మిగులు తిరిగి యిచ్చి రమ్మని పంపినది. ఈ కథను మనము పేదవాని దురాశను ఖండించుటకే వాడుదుము. దానికి రెండవ అంచు కలదు. కాయకమునకు తగినంత కూలి అవసరమని ఆ తల్లి యెరుగును. 'చాలినంత' అను కొలత లేనిచో 'మించినది' యను మాటకే అర్థము లేదు. చాలినంత ఇయ్యని యజమాని, చాలినదాని కంటె ఎక్కువ లాగుకొను పనివాడు – ఇరువురును ఒకే త్రాసును చెరచుచున్నారు.

దీనికి నా యనుభవ మొకటి చెప్పెదను. నా కూతురి ప్రసవము ఒక పట్టణపు ఆస్పత్రిలో జరిగినది. బిడ్డను బయటికి తెచ్చిన ఆయా, చేతికీయక, "ఆడపిల్లయినా తగ్గించను, ఇంత ఇవ్వాలి" యని నిలిచినది. మగబిడ్డకొక ధర, ఆడబిడ్డకొక ధర యట! నేను మండిపడితిని. ఇచ్చితిని గాని దానికి నాలుగు మాటలు తగిలించితిని. మూడవనాడు అదే ఆయా నా కూతురిని కూర్చుండబెట్టి తల దువ్వుచుండెను. ఎవరును చెప్పలేదు, డబ్బడుగలేదు. మాటలలో తెలిసినది: ఆమె గుత్తేదారు క్రింద పని చేయునది, మూడు నెలలుగా జీతము చేతికందలేదు. అంతమాత్రమున బిడ్డను అడ్డుపెట్టి డబ్బులాగుట కాయకమగునా? కాదు. అది ఆనాడును తప్పే, నేడును తప్పే. కాని తప్పు ఆమె యొక్కతెదే యని తీర్పు చెప్పుటకు నాకు నోరు రాలేదు. తల దువ్విన చేయి, చేయి చాచిన చేయి ఒకటే. మొదటిదానిని ఎవరును చూడరు. రెండవదానిని అందరును చూతురు.

చూచుట అనగా నాకొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. అమెరికాలో ఇద్దరు విదుషీమణులు, వ్రెజ్‌నెస్కీ, డటన్ అనువారు, ఆస్పత్రి ఊడ్చువారితో మాటలాడి తెలిసికొన్న సంగతులను 2001లో ప్రకటించిన తమ వ్యాసమున చేర్చిరి. ఒకే యాస్పత్రి, ఒకే చీపురు. కొందరు మా పని నేల తుడుచుట మాత్రమే యనిరి. మరికొందరు రోగి కోలుకొనుటలో తమకును పాలుకలదని తలచి, వచ్చిన బంధువులతో రెండు మాటలాడుట, రోగి మనసు గమనించుట తమంతట తామే పనిలో చేర్చుకొనిరి. స్పృహలేని రోగుల గదులలో గోడపటములను అప్పుడప్పుడు మార్చి తగిలించు ఒక మనిషి ముచ్చట ఈ సందర్భముననే చెప్పుదురు. కన్ను తెరవని రోగికొరకు పటము మార్చుట! సత్యక్క చీపురు నాకు ఆ కథలో కనబడినది. ఆ పటము మార్చుమని ఏ పై యధికారియు ఆజ్ఞాపింపలేడు, ఆజ్ఞాపించినచో అది మరియొక చాకిరి యగును. అర్థము పనిచేయువారి సొత్తు. దానిని పైనుండి పంచిపెట్టుటకు వీలులేదు. పైవారు చేయగలిగినది ఆ యర్థము చచ్చిపోకుండ చూచుట మాత్రమే: సరిపడు మనుషులు, వేళకు జీతము, నిద్ర.

నిద్ర యను మాట మా పిల్లదే. మాటల చివర నేను మరల ఏదో భక్తిని గూర్చి ఎత్తుకొనగా, "భక్తి ఉంది పెద్దనాయనా, నిద్రే లేదు" అన్నది. కాయమునుండి పుట్టినది కాయకమని పైన వ్రాసితిని. ఆ కాయమునే నలిపివేసిన పిమ్మట మిగులునది యేమి?

పూజావేళను గూర్చి కూడ ఆమెకు బెంగ కలదు. రాత్రి డ్యూటీ ముగించి ఇల్లు చేరుసరికి తొమ్మిది గంటలగును. స్నానము చేసి లింగమును కరస్థలమున నుంచుకొని కూర్చుండగానే కునుకు పట్టునట. ఒకనాడు లింగము చేతిలో నుండగానే ఒరిగి నిద్రపోయినది. ఇది అపచారమా యని మా మఠమున ఒక వృద్ధ స్వామివారి నడిగితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "లింగాన్ని కింద పడనిచ్చిందా?" అని యడిగెను. లేదంటిని. "అయితే ఇంకేమయ్యా" అనెను. డ్యూటీలో ఆమె లింగమును శివదారముతో దుస్తుల లోపల కట్టుకొనును. పైకి కనబడనీయదు. రోగి గాయమునకు తగులరాదు గదా!

మఠములకు ఒక విన్నపము. జిల్లా కేంద్రముల పెద్దాస్పత్రుల దగ్గర, దూరపు పల్లెలనుండి వచ్చి రోగుల వెంట నుండువారు రాత్రులు చెట్లక్రింద, బస్టాండులలో పండుకొనుచున్నారు. దాసోహమునకు అంతకంటె తగిన చోటు నాకు తెలియదు. అచ్చట ఒకపూట గంజియైనను పోయగలిగినచో మేలు. ఇంకొకటి. బసవజయంతినాడు వేదికపై శాలువ కప్పుటకు డాక్టరులను వెదకుదుము. ఈసారి ఆ యాస్పత్రిలో మార్చురీ కాపరిని, ప్రసవగది ఆయాను పిలిచి మొదటి వరుసలో కూర్చుండబెట్టుడు. శాలువ కప్పకపోయినను సరే. పక్కన కూర్చుండి భోజనము చేయుడు. పంచసూతకములు లేవను మాట అప్పుడు ఉపన్యాసము లేకయే తెలియును.

ఇక మా యింటి సంగతి. మొన్నటి కార్తికమాసమున నేనొక్కడనే బస్సెక్కి ఆ వరుని యింటికి వెళ్లితిని. ఆనాడు నేనూరకుంటినని, అది నా తప్పని చెప్పితిని. పిల్ల ఉద్యోగము మానదనియు, ఆమె చేతినీళ్లు మా యింట లింగపూజకు నాలుగేండ్ల నుండి పనికివచ్చుచున్నవనియు చెప్పితిని. ఆ తల్లి వాదింపలేదు. లోనికి వెళ్లి మంచినీళ్లు తెచ్చియిచ్చినది. కొంతసేపటికి, తన అత్తగారు మంచాన పడినప్పుడు రెండేండ్లు తానే చేసితినని, ఆ మాట ఇంతవరకు తననెవరును అడుగలేదని అన్నది. నేను నీళ్లు త్రాగి లేచితిని. కుమారుడు ఊరినుండి వచ్చిన పిమ్మట ఉత్తరము వ్రాయింతునన్నది. ఇంకను రాలేదు. పిల్ల ఈ వారము మరల రాత్రి డ్యూటీలో నున్నది.